పశువుల కంటిజబ్బులు – పంచాయతీల కర్తవ్యము

(గ్రామపంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పశువునకు నోరు లేదని మనవారందురు. కాలికి దెబ్బ తగిలినచో కుంటును. కడుపులో బాధ కలిగినచో మేత మానును. ఈ రెండింటిని రైతు చూచినంతనే గ్రహించును. కాని కంటిలో బాధ కలిగినప్పుడు పశువు చేయగలిగినది ఒక్కటే: కన్ను సగము మూసికొని నీరు కార్చును. ఆ నీటిని చూచి “ఏదో దుమ్ము పడినది, అదే పోవును” అని ఊరకుండుట మన గ్రామములలో సర్వసాధారణము. నాలుగు దినములు గడచునప్పటికి నల్లగ్రుడ్డుమీద తెల్లని పువ్వు వేయును. అప్పుడు పశువైద్యుని యొద్దకు తోలుకొనిపోయినను, పోయిన చూపు పూర్తిగా మరలి వచ్చుట దుర్లభము. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లగును.

నేడు మేము మీకు మనవి చేయదలచిన ముఖ్యవిషయము ఇది. కంటిజబ్బు మొదటి దినమున చిన్నది, వారము గడచిన పెద్దది. కన్నీరు కనబడిన నాడే పశువును వైద్యునకు చూపవలెను. ఆయన చూచువఱకు కంటికి హాని చేయు వస్తువేదియు అందులో వేయరాదు. ఇక చెప్పబోవు మాటలన్నియు ఈ రెండు మాటలకు వివరణములు మాత్రమే.

మన ప్రాంతమున దీని అవసరము

పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన పునర్విభజింపబడినవి. కొన్ని మండలములు పొరుగు జిల్లాలలో చేరగా, తక్కినవి కరీంనగరు, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలుగా ఏర్పడినవి. జిల్లాల పేర్లు మారినను పల్లెలలో పశువుతో మనకు గల సంబంధము మారలేదు. మానేరు, గోదావరి నీటి క్రింద వరి పండించు గ్రామములలో బఱ్ఱెపాలు ఇంటి ఖర్చులకు ఆధారము. ఆదిలాబాదు నల్లరేగళ్ళలో పత్తిచేను గుంటుక తోలుటకు నేటికిని ఎడ్లపై ఆధారపడిన కుటుంబములు అనేకము కలవు. అడవి అంచున నున్న గూడెములలో మేకయే పేదవాని ధనము.

గొఱ్ఱెల విషయము చెప్పనక్కరలేదు. 2019వ సంవత్సరపు 20వ పశుగణనలో తెలంగాణమున సుమారు 1 కోటి 90 లక్షల గొఱ్ఱెలున్నట్లు తేలినది. ఆ గణనలో దేశమంతటిలో మన రాష్ట్రమునకే ప్రథమస్థానము లభించినది. 2017వ సంవత్సరమున ప్రారంభమైన గొఱ్ఱెల పంపిణీ పథకము క్రింద 20 గొఱ్ఱెలు, 1 పొట్టేలు చొప్పున పొందిన కుటుంబములు మీ గ్రామములలో నుండవచ్చును. అట్టి చిన్నమందలో ఒక గొఱ్ఱెకు అంటుకండ్లకలక వచ్చినచో, అది తక్కినవానికి సోకుటకు ఎంతో కాలము పట్టదు.

ఎద్దునకు ఒక కన్ను పోయినచో ఆ ప్రక్క కాడికి బెదరును, బండి ఒకవైపునకు లాగును, అంగడిలో ధర పలుకదు. పాడిపశువు కంటిబాధతో మేత తగ్గించినచో పాలు తగ్గును. కండ్లు కనబడని గొఱ్ఱె మందనుండి తప్పిపోవును, లేదా బావిలో పడును. కనుక కంటిజబ్బు ప్రాణము తీయనిదని ఉపేక్షింపరాదు. ప్రాణమున్నను బ్రతుకుతెరువు పోవును.

కన్ను పరీక్షించు విధము

పశువును ఎండనుండి నీడకు తెచ్చి ముకుతాడు పట్టి నిలుపవలెను. మొదట చేయి వేయక దూరమునుండియే రెండు కండ్లను పోల్చి చూడవలెను. ఆరోగ్యముగల కన్ను తేటగా మెఱయును, రెప్ప పూర్తిగా తెఱచియుండును. చెంపమీద కన్నీటి చార కట్టినను, దానిపై దుమ్ము అంటి నల్లబడినను, ఈగలు ఒక కంటినే ఎక్కువగా ముసరుచున్నను, పశువు వెలుతురువైపు చూడలేక ముఖము త్రిప్పుకొనుచున్నను ఆ కంటిలో ఏదో కలదని తెలిసికొనవలెను.

తరువాత చేతులు కడుగుకొని, క్రిందిరెప్పను బొటనవ్రేలితో మెల్లగా క్రిందికి లాగి లోపల చూడవలెను. లోపలి పొర లేతగులాబి రంగులో నుండుట సహజము. అది ఎఱ్ఱగా ఉబ్బియున్నచో మంట కలదని అర్థము. నల్లగ్రుడ్డుపై నీలపు మసక గాని, తెల్లని చుక్క గాని, గుంట గాని కలదేమో చూడవలెను. వడ్లనూగు, గడ్డిపరక, తుమ్మముల్లు గ్రుచ్చుకొనియుండవచ్చును. రెప్పక్రింద కదలాడు నూగును శుభ్రమైన నీటితో కడిగి తీయవచ్చును గాని, నల్లగ్రుడ్డులో నాటుకొన్న ముల్లును మాత్రము మనము లాగరాదు. దానిని వైద్యుడే తీయవలెను. కనుగ్రుడ్డును వ్రేలితో ఒత్తి చూచుట ప్రమాదకరము.

చూపు ఉన్నదో లేదో తెలిసికొనుటకు ఒక్కొక్క కన్ను మూసి, రెండవ కంటి యెదుట అఱచేతిని గాలి తగులకుండ మెల్లగా కదల్పవలెను. కన్ను కనబడుచున్నచో రెప్ప వేయును.

అంటుకండ్లకలక

పశువులలో కంటిజబ్బులనగా మొదట చెప్పవలసినది ఇది. ఆవులు, ఎడ్లు, దూడలలో దీనికి ముఖ్యకారణము మొరాక్సెల్లా బోవిస్ అను సూక్ష్మజీవి. ఈగలు రోగముగల పశువు కన్నీటిపై వ్రాలి, ఆ కాళ్ళతోనే ఆరోగ్యముగల పశువు కంటిపై వ్రాలుటవలన ఇది వ్యాపించును. తీవ్రమైన ఎండ, దుమ్ము, కంటికి గ్రుచ్చుకొను పొడవైన గడ్డి దీనికి తోడ్పడును. పెద్ద పశువులకంటె దూడలకు ఎక్కువగా వచ్చును.

మొదట నీరు కారును, కన్ను మూసికొనును. ఒకటి రెండు దినములలో నల్లగ్రుడ్డు నడుమ చిన్న తెల్లచుక్క పుట్టి, చుట్టును మసక క్రమ్మును. పిమ్మట అంచులనుండి ఎఱ్ఱని నరములు లోపలికి ప్రాకును. కొన్నిటియందు పుండు లోతై గ్రుడ్డు పగులుటయు కలదు. తొలిదశలో వైద్యుడు ఆక్సిటెట్రాసైక్లిన్ వంటి తగిన మందును సూదిద్వారా గాని, లేపనముగా గాని ఇచ్చినచో చాలవఱకు నయమగును. ఎంత మోతాదన్నది పశువు బరువును, వ్యాధి తీవ్రతను బట్టి ఆయన నిర్ణయించును. మందు వాడుచున్నంతకాలము, తరువాత ఆయన చెప్పిన దినములు గడచువఱకు, ఆ పశువు పాలు అమ్మరాదు, త్రాగరాదు.

గొఱ్ఱెలు, మేకలలో ఈ జబ్బునకు కారణమగు సూక్ష్మజీవులు వేఱు. అవి ఒకదానినొకటి రాచుకొనుటవలనను, ఒకే తొట్టిలో మేయుటవలనను వ్యాపించును. పెక్కింటికి రెండు మూడు వారములలో తగ్గును. కాని ఆ వారములలో చూపు మందగించిన తల్లిగొఱ్ఱె మేత అందుకొనలేదు, పిల్లకు పాలుండవు. కావున అట్టివానిని మందనుండి వేఱుచేసి, నీడపట్టున కట్టి, మేత, నీరు నోటి దగ్గరకు తెచ్చి పెట్టవలెను.

కంటిలో పురుగులు

కొన్ని పశువుల రెప్పక్రింద తెల్లని సన్నని పురుగులు ప్రాకుచుండును. ఇవి ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవుండును. వీనిని వ్యాపింపజేయునదియు ఈగయే. వైద్యుడు కంటికి మత్తుమందు వేసి వీనిని తీసివేసి, మరల రాకుండ మందిచ్చును.

వేఱొక పురుగు కంటిలోపలనే, నల్లగ్రుడ్డు వెనుకనున్న నీటిలో, తెల్లని దారమువలె ఈదుచు కనబడును. ఇది గుఱ్ఱములలో ఎక్కువ, ఎడ్లలోను అప్పుడప్పుడు కానవచ్చును. దీనిని మోసికొని వచ్చునది దోమ. కంటిలో మందు వేసినంతమాత్రమున ఇది పోదు, శస్త్రచికిత్స చేసి తీయవలెను. ఇట్టివి కనబడినచో జిల్లా పశువైద్యశాలకు గాని, కోరుట్ల పశువైద్య కళాశాలకు గాని తీసికొనిపోవుట మంచిది.

రేచీకటి

అంటురోగము కాకున్నను, మన ప్రాంతమునకు ముఖ్యమైనది మఱియొకటి కలదు. వేసవిలో నెలల తరబడి ఎండిన వరిగడ్డి, చొప్ప మాత్రమే మేపినచో పశువునకు విటమిన్ ‘ఏ’ కొఱవడును. పచ్చిమేతలోనున్న పసుపువన్నె పదార్థమునుండి పశువు ఈ విటమిన్‌ను తయారు చేసికొనును. ఎండిన గడ్డిలో అది నశించును. ఫలితముగా దూడలు సంజవేళ గుంజలకు కొట్టుకొనును, కండ్లనుండి నీరు కారును. కొన్ని దూడలు పుట్టుగ్రుడ్డివిగా జన్మించుటయు కలదు. తల్లిపాలన్నియు పిండుకొని దూడకు చాలనీయనిచోట ఈ జబ్బు త్వరగా వచ్చును. ఈనిన వెంటనే జున్నుపాలు దూడకు కడుపునిండ త్రాగించుట, రోజునకు కొంతయైనను పచ్చిమేత వేయుట, అవసరమైనచో వైద్యునిచే విటమిన్ సూది వేయించుట దీనికి చికిత్స. బావిగట్టున నాలుగు గుంటల పచ్చిగడ్డి పెంచిన రైతు ఇంట ఈ జబ్బు అడుగుపెట్టదు.

ఒడలిరోగములకు కన్ను అద్దము

అన్నియు కంటిలోనే పుట్టిన జబ్బులు కావు. ఒంటిలోని పెద్దరోగము కంటిద్వారా బయటపడుచుండును. దీనిని గుర్తించుట పంచాయతీ సభ్యులకు మిక్కిలి అవసరము.

మేకలు, గొఱ్ఱెలకు కండ్లనుండియు ముక్కునుండియు చీము కారుచు, జ్వరము, నోటిపూత, పారుడు ఉన్నచో అది కండ్లకలక కాదు, పి.పి.ఆర్. అను పారుడురోగమని అనుమానింపవలెను. ఇది మందలను తుడిచిపెట్టగలదు. టీకాయే రక్ష, ఒకసారి వేసిన టీకా సుమారు మూడేండ్లు కాపాడును. సంకరజాతి దూడకు జ్వరముతో గ్రంథులు వాచి, కండ్లు ఉబ్బి ముందుకు వచ్చినచో పిడుదులవలన, అనగా మనవైపు గోమార్లనబడు వానివలన, వచ్చు థైలేరియా వ్యాధి కావచ్చును. జోరీగలు కుట్టుటవలన వచ్చు సర్రా వ్యాధిలోను నల్లగ్రుడ్డు మసకబారును. 2019లో మనదేశమున తొలిసారి కనబడి, 2022లో అనేక రాష్ట్రములలో ప్రబలిన లంపీ చర్మవ్యాధిలో సైతము కండ్లు నీరు కారి మసకబారవచ్చును. ఇట్టివానికి కంటిలో చుక్కలు వేసి కూర్చున్నచో పశువే దక్కదు.

తెల్లని రెప్పలుగల పశువునకు రెప్ప అంచున గాని, కంటిమూల పొరపై గాని మాంసపు మొలక పుట్టి తఱచు రక్తము కారుచున్నచో అది క్యాన్సరు కావచ్చును. చిన్నదిగా నున్నప్పుడే వైద్యునిచే కోయించినచో పశువు బాగుపడు అవకాశము ఎక్కువ.

ఇంటి కుక్కలకు, మందకాపలా కుక్కలకు రెండు కండ్లలో పసుపుపచ్చని పుసి కట్టి, ముక్కు కారుచు, దగ్గు, వణకు ఉన్నచో అది డిస్టెంపరు అను అంటువ్యాధి కావచ్చును. దీనికి ముందుగా వేయించు టీకా కలదు. కుక్క స్వభావము అకస్మాత్తుగా మారి, చొంగ కార్చుచు, మింగలేక యున్నచో దాని కన్ను పరీక్షింప నెవరును పోరాదు. అది పిచ్చికుక్క కావచ్చును. కఱచినచో గాయమును సబ్బుతో 15 నిమిషములు ధారగా కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. పిల్లులకు కూడ జలుబుతో కండ్లు అతుకుకొనుట కలదు. కోళ్ళకు రెప్పలపై పొక్కులు వచ్చినచో మశూచియని, ముఖము వాచి కన్ను మూసికొనిపోయినచో అంటుజలుబు కావచ్చునని గ్రహించి, మిగిలిన కోళ్ళను వేఱుచేయవలెను.

వేయరానివి – చేయదగినవి

కన్ను కలకబారినచో ఉప్పు, పొగాకు నమిలి ఉమియుట, మిరపపొడి ఊదుట, సున్నము పూయుట, ఆకుపసరు పిండుట, కణతలపై వాతలు పెట్టుట కొన్ని గ్రామములలో వాడుకగా నున్నవి. పెద్దలు మేలు కోరియే వీనిని ఆచరించిరి. కాని మన కంటిలో మిరపకారము పడినప్పుడు మనమెంత విలవిలలాడుదుమో తలచుకొన్నచో ఇందలి దోషము బోధపడును. పువ్వు కరుగుటకు బదులు పుండు పెరుగును. జిల్లేడుపాలు కంటికి ఎంతమాత్రము తగులనీయరాదు.

క్రొత్తగా మఱియొక అపాయము బయలుదేరినది. మందులదుకాణమునుండి మనుష్యులకు వాడు కంటిచుక్కలు తెచ్చి పశువునకు వేయుచున్నారు. వానిలో కొన్నిటియందు స్టెరాయిడు ఉండును. అది ఎఱుపును తగ్గించి మేలైనట్లు భ్రమ కలిగించును గాని, నల్లగ్రుడ్డుపై పుండున్నచో దానిని మానకుండ చేసి గ్రుడ్డును చిల్లు పడవేయగలదు. అందువలననే వైద్యుడు మొదట ఒక నారింజవన్నె రంగుచుక్క వేసి చూచును. పుండున్నచోట అది ఆకుపచ్చగా మెఱయును. అట్లు చూచిన పిమ్మటగాని ఏ మందు తగినదో చెప్పుటకు వీలులేదు.

వైద్యుడు వచ్చులోపల మనము చేయదగినవి ఇవి. పశువును నీడలో కట్టి తక్కినవానినుండి వేఱుచేయవలెను. కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు, అనగా అంచుతో సమముగా నింపిన చిన్నచెంచాలు ఒకటిన్నర, కలిపి ఆ నీటితో కన్ను కడుగవలెను. శుభ్రమైన గుడ్డను తడిపి పుసి తుడువవలెను. ఒక కన్ను తుడిచిన గుడ్డతో రెండవ కన్ను తుడువరాదు. ఒక పశువుకు వాడినది మఱియొకదానికి వాడరాదు. పత్తిచేనిలో కొట్టు పురుగుమందు గాని, సున్నము గాని కంటిలో పడినచో, వైద్యునకై ఎదురుచూడక వెంటనే మంచినీటితో 15, 20 నిమిషములు ధారగా కడుగవలెను. రోగముగల పశువును ముట్టినపిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఈగలకై కొట్టములో వేయు పొగ పశువు ముఖమునకు కొట్టకుండ గాలివాటు చూచుకొనవలెను.

పంచాయతీ చేయవలసిన పని

కన్ను ఒక రైతు పశువుదే కాని, ఈగ ఊరందరిది. ఒక ఇంటి పెంటకుప్పలో పుట్టిన ఈగ పది ఇండ్ల కొట్టములకు పోవును. అందుచేత ఈ జబ్బు నివారణము ఒక్క రైతువలన కాదు, పంచాయతీవలననే కావలెను. రాజ్యాంగము 73వ సవరణద్వారా చేర్చిన పదునొకండవ షెడ్యూలులో 4వ అంశము పశుసంవర్ధనము, పాడి, కోళ్ళ పెంపకము. కావున ఇది మీ అధికారపరిధిలోని విషయమే.

ఎండకాలమున ఈగగ్రుడ్డు ఈగయై ఎగురుటకు వారము పది దినములు చాలును. కొట్టములోని పేడను ప్రతిదినము ఎత్తి, ఊరికి దూరముగా త్రవ్విన గుంటలో వేసి మన్ను కప్పినచో ఈగల సంతతి తెగును. అదే ఎఱువు చేనికి బలము. పెంటకుప్పలు ఇండ్ల నడుమ లేకుండ చేయుట మీ మొదటి పని.

రెండవది, కబురు. 2009వ సంవత్సరపు పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టము ప్రకారము పి.పి.ఆర్., పిచ్చికుక్క వ్యాధి మొదలగు షెడ్యూలు వ్యాధులను అనుమానించిన యజమాని ఆ సంగతిని గ్రామాధికారికి గాని, పంచాయతీకి గాని తెలుపవలెను. అచ్చటినుండి పశువైద్యునకు వ్రాతమూలముగా తెలుపుటకు ఆ చట్టమే మార్గము చూపినది. పంచాయతీ కార్యాలయములో ఒక పుస్తకముంచి, ఏ వాడలో ఎన్ని పశువులకు, ఏ దినమున కన్ను కలకబారినదో వ్రాసికొనుడు. ఒకే వాడలో మూడు నాలుగు పేర్లు చేరినచో ఆలస్యము చేయరాదు. సంచార పశువైద్య వాహనమును పిలుచుటకు ఉద్దేశింపబడిన 1962 అను ఫోను సంఖ్యను కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు.

మూడవది, పశువును కదలకుండ నిలుపు చట్రము. పెనుగులాడు ఎద్దు కంటిలో మందు వేయుట ఎవరితరము? నాలుగు గట్టి గుంజలు పాతి, అడ్డుకఱ్ఱలు బిగించిన చట్రము ఊరికొకటి యున్నచో కంటికే గాక టీకాలకును, ఇతర చికిత్సలకును పనికివచ్చును.

నాలుగవది, క్రొత్త పశువుల విషయము. అంగడినుండి కొని తెచ్చిన పశువును రెండు మూడు వారములు వేఱుగా కట్టి, అటుపిమ్మటనే మందలో కలుపవలెను. పుష్యమాసమున కేస్లాపూరు నాగోబా జాతరకు ఎడ్లబండ్లపై పోయివచ్చువారు తిరిగి వచ్చిన తరువాత ఒక వారము తమ ఎడ్ల కండ్లను దినదినము చూచుకొనుట మేలు. ఊరి నీటితొట్టివద్దకు జబ్బు పశువును రానీయక, దానికి ఇంటివద్దనే నీరు పెట్టించుడు.

చివరిది, మన పండుగనే ఈ పనికి వినియోగించుట. ఆదిలాబాదు ప్రాంతమున శ్రావణ అమావాస్యనాడు పొలాల పండుగ జరుపుకొందురు. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, ఊరేగించి పూజింతురు. అది వానకాలము, ఈగలు ముసరు కాలము. ఊరి ఎడ్లన్నియు ఒక్కచోట చేరు దినము అంతకంటె మఱియొకటి లేదు. కొమ్ములకు రంగు పూయుటకు ముందు ప్రతి ఎద్దు కండ్లను ఒకసారి చూచినచో, దాగియున్న జబ్బులెన్నో ఆనాడే బయటపడును. వీలైనచో ఆ వారమందే పశువైద్య శిబిరము ఏర్పాటు చేయుమని మండల పశువైద్యునకు పంచాయతీ తీర్మానము పంపవచ్చును. దూరపు గూడెములు, తండాలలోని మేకలను, ఆవులను కూడ ఆ శిబిరమునకు చేర్చు భారము ఆ వాడల సభ్యులు వహింపవలెను.

ఊరూర టీకాలు వేసి, ఊరూర కబురు సేకరించి సాధించిన విజయము మన యెదుటనే కలదు. వేలకొలది పశువులను బలిగొనిన రిండర్‌పెస్టు అను పెనువ్యాధిపై మనదేశమున 1954లో జాతీయ నిర్మూలన కార్యక్రమము ప్రారంభమైనది. 2011లో ఆ వ్యాధి ప్రపంచమునుండియే తొలగిపోయినట్లు ప్రకటింపబడినది. అంతటి వ్యాధిని తఱిమివేయుటకు శాస్త్రజ్ఞుల విద్య ఎంత తోడ్పడినదో, జబ్బు పశువును దాచక చూపించిన పల్లెరైతు సహకారమును అంతే తోడ్పడినది. కంటిజబ్బు దానితో పోల్చిన చిన్నది. దీనిని అదుపులో నుంచుట ఒక గ్రామమునకు సాధ్యమైన పనియే.

మీ గ్రామమునకు తిరిగి వెళ్ళిన మఱునాటి ఉదయమున మీ వార్డులోని కొట్టములను ఒకసారి చూచిరండు. చెంపమీద కన్నీటి చారయున్న పశువు ఒక్కటి కనబడినను, ఆనాడే కబురు చేయుడు. మీ చొరవవలన ఒక్క ఎద్దు చూపు నిలిచినను ఒక కుటుంబపు సేద్యము నిలిచినట్లే యని మా విశ్వాసము.